ఎవరి తప్పూ కాదు: మన రక్తం చెప్పే మలేరియా కథ



మా సంస్థ రక్తదాన శిబిరాలకు ఏటా వచ్చి చేయి చాపే దాతలు ఎందరో ఉన్నారు. అక్కడ ఇచ్చిన రక్తం ఎవరి ఒంట్లోకి చేరుతోందో చూసినవారు మాత్రం తక్కువ. అందులో కొంత తలసేమియా ఉన్న చిన్నపిల్లలకు వెళుతుంది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటేనే ఆ పిల్లలు బడికి వెళ్ళగలరు, ఆడుకోగలరు. ఎక్కించిన రక్తంతోపాటు ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది కనుక దాన్ని బయటకు పంపే మందులు కూడా జీవితాంతం వాడాలి.

అలాంటి ఒక బిడ్డ తల్లి మమ్మల్ని అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. "మా పుట్టింట్లో ఈ జబ్బు ఎవరికీ లేదు. మా అత్తగారింట్లో ఎవరికీ లేదు. మరి నా బిడ్డకెలా వచ్చింది భాయ్? ఎవరు చేసిన పాపం ఇది?" అత్తవారింట్లో అందరూ వేలు తనవైపే చూపిస్తున్నారని ఆమె చెప్పకపోయినా మాకు అర్థమైంది. ఆ రోజు మేము సబ్ర్ చేయమని చెప్పి వచ్చేశాం. అది ఓదార్పే కాని జవాబు కాదు. తర్వాత వైద్యులను అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

జవాబు వెతుకుతూ వెళితే మేము చేరిన చోటు జీవ పరిణామ శాస్త్రం. పరిణామం అనగానే మన సభల్లో మాట వెంటనే మనిషి పుట్టుక మీదికి మళ్ళుతుంది. దాని గురించి మన ఉలమాలలో, చదువుకున్నవారిలో వేర్వేరు అభిప్రాయాలు ఉన్నాయి. ఈ వ్యాసం ఆ చర్చలోకి వెళ్ళదు. గత కొన్ని వేల ఏళ్ళలో మనుషుల రక్తంలో జరిగిన మార్పు గురించే మాట్లాడుతుంది. దాన్ని ఎవరైనా ప్రయోగశాలలో చూడవచ్చు, లెక్క కట్టవచ్చు.

ఒక్క అక్షరం తేడా

మన ఎర్ర రక్త కణాల్లో హీమోగ్లోబిన్ అనే పదార్థం ఉంటుంది. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును ఒళ్ళంతా మోసుకెళ్ళేది అదే. పెద్దవారిలో ఒక్కో హీమోగ్లోబిన్ అణువులో నాలుగు గొలుసులు ఉంటాయి. రెండు ఆల్ఫా, రెండు బీటా. బీటా గొలుసును ఎలా తయారు చేయాలో చెప్పే రాత మన 11వ క్రోమోజోమ్ మీద ఉంది. ఆ రాతనే జన్యువు అంటాం. ప్రతి మనిషికీ ఆ రాత రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది.

డీఎన్‌ఏ రాతలో నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. ఒక తరం నుంచి మరో తరానికి ఆ రాతను నకలు తీసేటప్పుడు అరుదుగా ఒక అక్షరం మారిపోతుంది. ఖురాన్ ప్రతులు రాసే కాతిబ్ ఎంత జాగ్రత్తపరుడైనా, రాసిన తర్వాత మళ్ళీ సరిచూసుకోవాల్సిందే కదా. మన కణాలు కూడా తమ నకలును సరిచూసుకుంటాయి. అయినా కొన్ని తప్పులు దాటిపోతాయి. దీన్నే ఉత్పరివర్తనం అంటారు. చాలా మార్పులతో మేలూ ఉండదు, కీడూ ఉండదు. కొన్ని కీడు చేస్తాయి. ఎప్పుడో ఒకటి, ఏదో ఒక చోట, మేలు చేస్తుంది.

బీటా గొలుసు రాతలో ఒక చోట 'జిఎజి' అని ఉండాలి. కొందరిలో అది 'జిటిజి' అయింది. ఆ ఒక్క అక్షరం వల్ల 146 అమైనో ఆమ్లాలున్న గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలిన్ వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లండులో వెర్నన్ ఇంగ్రామ్ 1950ల రెండో భాగంలో ఈ సంగతి కనిపెట్టారు. అలా మారిన హీమోగ్లోబిన్, ప్రాణవాయువు తగ్గిన చోట ఒకదానికొకటి అతుక్కుని కడ్డీల్లా గట్టిపడుతుంది. గుండ్రంగా మెత్తగా ఉండాల్సిన కణం కొడవలిలా వంకర తిరుగుతుంది. 120 రోజులు బతకాల్సింది 10, 20 రోజుల్లోనే నశిస్తుంది. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని భరించలేని నొప్పి పుట్టిస్తుంది. ఇదే సికిల్ సెల్ జబ్బు, కొడవలి కణాల రక్తహీనత.

తలసేమియా దీనికి దగ్గరి చుట్టం. అందులో గొలుసు ఆకారం మారడం కన్నా గొలుసు తయారీయే తగ్గిపోతుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది.

రెండు జబ్బులకూ వర్తించే ముఖ్యమైన సంగతి ఒకటుంది. మారిన ప్రతి ఒక్కటే ఉంటే ఆ మనిషికి జబ్బు ఉండదు. రెండో ప్రతి మంచిది కనుక పని జరిగిపోతుంది. అలాంటివారిని వాహకులు అంటారు. వారు మామూలుగా పెరుగుతారు, పని చేస్తారు, ముసలివారవుతారు. తాము వాహకులమని చాలామందికి తెలియను కూడా తెలియదు. రెండు ప్రతులూ మారినవే అయితేనే బిడ్డకు జబ్బు వస్తుంది. అంటే ఒక ప్రతి అమ్మ నుంచి, ఒక ప్రతి నాన్న నుంచి రావాలి.

ఆ తల్లి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది. ఇద్దరిలోనూ జన్యువు ఉంది, ఇద్దరిలోనూ జబ్బు లేదు. ఇందులో తల్లిని మాత్రమే వేలెత్తి చూపే వీలే లేదు. మిగిలిన సగం జవాబు ఇంకా పాతది.

పోవాల్సింది పోలేదెందుకు?

1858లో చార్లెస్ డార్విన్, ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ ఇద్దరి పేరుతో లండన్‌లో ఒక సిద్ధాంతం బయటికి వచ్చింది. మరుసటి ఏడాది డార్విన్ దాన్ని పెద్ద పుస్తకంగా రాశారు. దాని సారాంశం మూడు మాటల్లో చెప్పవచ్చు. ఒకే జాతి జీవులన్నీ ఒకేలా ఉండవు. ఆ తేడాల్లో కొన్ని పిల్లలకు సంక్రమిస్తాయి. ఉన్న పరిస్థితుల్లో బతికి పిల్లల్ని కనడానికి ఏ తేడా తోడ్పడుతుందో అది తరతరానికీ ఎక్కువ మందిలో కనిపిస్తుంది, అడ్డుపడేది తగ్గిపోతుంది. దీనికే ప్రకృతి వరణం అని పేరు. ఆ తేడాలు ఎక్కడ నుంచి వస్తాయో డార్విన్‌కు తెలియదు. జన్యువుల సంగతి తర్వాతి తరాలవారు తేల్చారు.

ఈ లెక్కన చూస్తే సికిల్ సెల్ జన్యువు ఎప్పుడో పోయి ఉండాలి. మందులు లేని కాలంలో ఆ జబ్బుతో పుట్టిన పిల్లల్లో చాలామంది పెద్దవాళ్ళు కాకుండానే చనిపోయేవారు. అలా పోయే ప్రతి బిడ్డతో రెండు ప్రతులు పోతాయి. అయినా ఆఫ్రికాలో కొన్ని ప్రాంతాల్లో నలుగురైదుగురిలో ఒకరు వాహకులే. ఇంత కీడు చేసేది ఇంతమందిలో ఎలా మిగిలింది?

1949లో బ్రిటిష్ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ తలసేమియా గురించి ఒక ఆలోచన చెప్పారు. వాహకులకు మలేరియాను తట్టుకునే శక్తి ఎక్కువేమో, అందుకే ఆ జన్యువు మిగిలిందేమో అని. ఈ హాల్డేన్ తర్వాత మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు.

దక్షిణాఫ్రికాలో పుట్టి కెన్యాలో పెరిగిన ఆంథోనీ ఆలిసన్ అనే వైద్యుడు సికిల్ సెల్ విషయంలో అదే ఆలోచనకు వచ్చి, పరీక్షించి చూశారు. కెన్యాలో సముద్ర తీరంలోనూ, విక్టోరియా సరస్సు చుట్టుపక్కలా వాహకులు ఎక్కువ. దోమలు తక్కువగా ఉండే చల్లని ఎత్తు ప్రాంతాల్లో తక్కువ. ఆ తర్వాత ఆయన ఉగాండాలో 290 మంది పిల్లల రక్తం చూశారు. వాహకులు కాని 247 మందిలో 113 మంది రక్తంలో మలేరియా పరాన్నజీవి ఉంది. వాహకులైన 43 మందిలో 12 మందిలోనే ఉంది. అంటే వందకు 46 మంది ఒకవైపు, 28 మంది మరోవైపు. 1954లో ఆయన ఈ ఫలితాలు ప్రచురించారు. ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన మలేరియా నుంచి వాహకులకు ఇంకా పెద్ద రక్షణ ఉందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. పరాన్నజీవి దూరిన కణం వాహకుల్లో త్వరగా వంకర తిరుగుతుంది. దాన్ని ప్లీహం పట్టి వడగట్టేస్తుంది. రక్షణకు ఇదొక కారణం.

మలేరియా దోమ ద్వారా వస్తుందనే ఆధారం దొరికింది మన దగ్గరే అన్న సంగతి కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ ఒక అనాఫిలిస్ దోమ పొట్ట గోడలో ఆ పరాన్నజీవిని చూశారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

వెయ్యి మంది పిల్లల లెక్క

ఇది నిజంగా ఎలా పనిచేస్తుందో ఒక లెక్కతో చూద్దాం. ఇది ఊహించుకున్న లెక్క. వ్యాపారం చేసే మన దాతలకు ఇది సులభంగానే పట్టుబడుతుంది.

మలేరియా విపరీతంగా ఉన్న ఒక ప్రాంతంలో 1000 మంది పిల్లలు పుట్టారనుకుందాం. 800 మందికి రెండు ప్రతులూ మామూలువే. 190 మంది వాహకులు. 10 మందికి జబ్బు. మనిషికి రెండు చొప్పున మొత్తం 2000 ప్రతులు. వాటిలో మారినవి వాహకుల దగ్గర 190, జబ్బు పిల్లల దగ్గర 20, మొత్తం 210. అంటే నూటికి పదిన్నర.

ఇప్పుడు మలేరియా వచ్చింది. మామూలు పిల్లల్లో నూటికి 12 మంది చొప్పున 96 మంది పోయారు. వాహకుల్లో ఇద్దరే పోయారు. జబ్బు ఉన్న 10 మందీ పోయారు. మిగిలింది 704 మంది మామూలువారు, 188 మంది వాహకులు. మొత్తం 892 మంది, 1784 ప్రతులు. వాటిలో మారినవి 188. మళ్ళీ నూటికి పదిన్నరే!

ఒకవైపు పది మంది పిల్లలతో ఆ జన్యువు పోతోంది. మరోవైపు వాహకుల్ని బతికించి అదే జన్యువు నిలబడుతోంది. త్రాసు రెండు తట్టలూ సరిగ్గా తూగాయి. మలేరియా ఉన్నంత కాలం ఈ తూకం ఇలాగే సాగుతుంది.

అదే ఊళ్ళో మలేరియా లేదనుకోండి. 800 మంది మామూలు పిల్లలూ బతుకుతారు, 190 మంది వాహకులూ బతుకుతారు, జబ్బు పిల్లలు 10 మందే పోతారు. అప్పుడు 1980 ప్రతుల్లో మారినవి 190. నూటికి తొమ్మిదిన్నర దగ్గరికి దిగింది. ఒక తరంలోనే తగ్గుదల మొదలైంది.

ఈ లెక్కలో ఎవరి శరీరమూ తన జన్యువును తానుగా మార్చుకోలేదు. దోమలు కుడుతున్నాయి కాబట్టి పిల్లల రక్తం రక్షణ కోసం మారింది అనుకోవడం పొరపాటు. అక్షరం మారింది ముందు, ఏ కారణంతో నిమిత్తం లేకుండా. ఆ మార్పు ఉన్నవారిలో ఎక్కువ మంది మిగిలారు, అంతే. మార్పు యాదృచ్ఛికం, మిగలడం యాదృచ్ఛికం కాదు. జీవ పరిణామం గురించి ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోవాలి.

ఒకే దోమ, వేర్వేరు తాళాలు

మలేరియా మనుషుల్ని ఇంతగా పీడించడం వెనుక మన సాగు కూడా ఉంది. అడవి నరికి పొలాలు చేసుకున్నప్పుడు ఎండ తగిలే నీటి గుంటలు పెరిగాయి, ఒకే చోట జనం గుమిగూడారు. దోమకు రెండూ అనుకూలమే. పశ్చిమ ఆఫ్రికాలో పోడు వ్యవసాయం విస్తరణకూ, సికిల్ సెల్ జన్యువు విస్తరణకూ సంబంధం ఉందని ఫ్రాంక్ లివింగ్‌స్టన్ 1958లో చూపించారు. మనిషి నాగలి పట్టిన తీరు మనిషి రక్తాన్ని మార్చింది.

ఆ ఒత్తిడికి వేర్వేరు ప్రాంతాల ప్రజల్లో వేర్వేరు మార్పులు నిలబడ్డాయి. ఆఫ్రికాలో, అరేబియాలో, మన దేశపు గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్. మధ్యధరా సముద్ర తీరం నుంచి ఇరాన్, భారత్ మీదుగా ఆగ్నేయాసియా దాకా తలసేమియా. బెంగాల్ నుంచి థాయ్‌లాండ్ దాకా హీమోగ్లోబిన్-ఇ. ఒక్క బీటా తలసేమియానే తీసుకున్నా, దానికి దారితీసే మార్పులు 200కు పైగా దొరికాయి. ఒకే దొంగకు భయపడి ఊరూరా ఎవరికి దొరికిన తాళం వారు వేసుకున్నట్టుంది ఇది. ఏ తాళమూ పూర్తిగా మంచిది కాదు. ఇంటివాళ్ళే లోపల చిక్కుకుపోయే తాళాలు ఇవి. ప్రకృతి వరణం ఉన్నవాటిలోంచి ఏరుతుంది, అంతే. మెరుగైనది తయారయ్యేదాకా ఆగదు.

తూర్పు సౌదీ అరేబియా ఒయాసిస్సుల్లో కనిపించే సికిల్ సెల్ రకమూ, మన దేశపు గిరిజనుల్లో కనిపించే రకమూ ఒకటే. శాస్త్రవేత్తలు దాన్ని అరబ్-ఇండియన్ రకం అంటారు. ఈ రకం ఉన్నవారిలో తల్లి కడుపులో ఉన్నప్పటి హీమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువ మోతాదులో తయారవుతుంది కనుక, సాధారణంగా జబ్బు తీవ్రత కొంత తక్కువగా ఉంటుంది. ఈ పరిశీలన వైద్యానికి దారి చూపింది. ఇప్పుడు రోగులకు ఇస్తున్న హైడ్రాక్సీయూరియా మందు చేసే ముఖ్యమైన పని ఆ హీమోగ్లోబిన్‌ను పెంచడమే. 2023 చివర్లో బ్రిటన్, అమెరికాలలో అనుమతి పొందిన కొత్త జన్యు చికిత్సలలో ఒకటి కూడా అదే దారిలో పనిచేస్తుంది.

పరాన్నజీవికీ అదే నియమం

ప్రకృతి వరణం మన పక్షాన ఉందనుకోకూడదు. అది ఎవరి పక్షానా ఉండదు. మనుషుల రక్తంలో నడిచిన లెక్కే మలేరియా పరాన్నజీవిలోనూ నడిచింది, ఇంకా వేగంగా.

క్లోరోక్విన్ ఒకప్పుడు మలేరియాకు చవకైన, మంచి మందు. కోట్ల పరాన్నజీవుల్లో ఏ కొన్నిటికో ఆ మందును తమలోంచి బయటకు తోసేసే మార్పు ఉంది. మందు పడ్డప్పుడు మిగిలినవి చచ్చాయి, ఇవి బతికాయి, ఇవే పెరిగాయి. 1950ల చివర్లో ఆగ్నేయాసియాలో, దక్షిణ అమెరికాలో మొదలైన ఈ నిరోధకత 1973 నాటికి మన అస్సాంలో కనిపించింది. తర్వాత ఆఫ్రికా అంతా పాకింది.

ఆఫ్రికాలోని మలావీ దేశం 1993లో క్లోరోక్విన్ వాడకం మానేసింది. మందు లేని చోట, మందును తట్టుకునే పరాన్నజీవికి ఆధిక్యం ఏమీ లేదు. ఆ మార్పు దానికి బరువే అయింది. మెల్లగా పాత రకమే మళ్ళీ పైకి వచ్చింది. 2006లో ప్రచురితమైన అధ్యయనంలో అక్కడి 80 మంది పిల్లలకు క్లోరోక్విన్ ఇస్తే 79 మందికి పనిచేసింది. మలేరియా లేని ఊళ్ళో సికిల్ సెల్ జన్యువు తగ్గినట్టే ఇది కూడా. పరిస్థితి మారితే తూకం మారుతుంది.

మేము నడిపే ఉచిత వైద్య శిబిరాల్లో మందులు పంచేటప్పుడు పూర్తి కోర్సు ఇవ్వాలని, డాక్టరు రాయకుండా యాంటీబయాటిక్ చేతికివ్వకూడదని వైద్యులు పట్టుబట్టేది ఇందుకే. అక్కరలేని చోట మందు వేసిన ప్రతిసారీ దాన్ని తట్టుకునే క్రిమిని మనమే ఏరి పెంచినట్టవుతుంది.

మలేరియా తగ్గినా జన్యువు పోదు

మన ఊళ్ళలో మలేరియా ఒకప్పటి అంత లేదు. అయితే ఆ జన్యువు దానంతటదే పోతుందా? పోతుంది, కాని మనం ఎదురుచూడగలిగినంత త్వరగా కాదు. పై లెక్కనే కొనసాగిస్తే, మలేరియా పూర్తిగా లేకపోయినా నూటికి పదిన్నర ఉన్నది సగానికి తగ్గడానికి దాదాపు పది తరాలు పడుతుంది. అంటే 250 ఏళ్ళు. తగ్గేకొద్దీ వేగం ఇంకా మందగిస్తుంది, ఎందుకంటే మిగిలిన ప్రతులు జబ్బు లేని వాహకుల్లో దాక్కుని ఉంటాయి. ఈ తగ్గుదలకు ప్రతి తరంలోనూ కొందరు పిల్లలు ప్రాణాలిచ్చుకుంటారు. ప్రకృతి లెక్క అలా ఉంటుంది. దానికి జాలి లేదు. జాలి ఉన్నది మనకు.

మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు బీటా తలసేమియా వాహకులని అంచనా. సికిల్ సెల్ మన రెండు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో ఎక్కువ. 2047 నాటికి దాన్ని నిర్మూలించాలని 2023 జులై 1న కేంద్రం ప్రారంభించిన జాతీయ మిషన్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి.

ఇక్కడ మన ఇళ్ళకు సంబంధించిన ఒక మాట చెప్పాలి. ఖాలా కూతురు, ఫుప్పు కొడుకు, మామూ కూతురు, చిచ్చా కొడుకు. మన సంబంధాలు చాలావరకు ఈ గడపల మధ్యే కుదురుతాయి. మేనరికం తెలుగు నేల మీద అన్ని మతాలవారిలోనూ ఉంది. మన షరీఅత్‌లో ఈ వరుసలు నిషిద్ధం కావు. అనుమతి ఉన్నది నిజమే. లెక్క కూడా నిజమే. నూటికి నలుగురు వాహకులైన చోట, చుట్టరికం లేని ఇద్దరూ వాహకులయ్యే అవకాశం 625లో ఒకటి. ఒకే తాత, నానమ్మల మనవలైతే, ఒకరు వాహకులైనప్పుడు రెండోవారికీ ఆ తాత లేదా నానమ్మ నుంచి అదే ప్రతి వచ్చి ఉండే అవకాశం ఎనిమిదిలో ఒకటి. అంటే ఇద్దరూ వాహకులయ్యే అవకాశం కనీసం 200లో ఒకటి. మూడు రెట్లకు పైగా పెరిగింది.

ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పుకూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగులో ఒకటి, వాహకులయ్యే అవకాశం సగం, ఏమీ లేకపోయే అవకాశం నాలుగులో ఒకటి. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురూ క్షేమం అనుకోవద్దు. ప్రతి కాన్పూ కొత్త లెక్కే.

మనం చేయగలిగింది

కోట్ల ఏళ్ళుగా ప్రకృతి వరణం ప్రాణాలు తీసి చేసే పనిని మనం ఒక సీసాలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి చేయగలం. హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షలో హీమోగ్లోబిన్ రకాలు విడివిడిగా కనిపిస్తాయి. తలసేమియా వాహకులెవరో, సికిల్ సెల్ వాహకులెవరో తెలుస్తుంది. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. తలసేమియా వాహకుల్లో చాలామందికి రక్తం కొంచెం తక్కువగా ఉండి, ఏళ్ళ తరబడి ఐరన్ మాత్రలు వేసుకున్నా పెరగదు. అలాంటివారు తప్పకుండా ఈ పరీక్ష గురించి డాక్టరును అడగాలి.

ఈ దారిలో మనకన్నా ముందు నడిచినవారున్నారు. సైప్రస్‌లో 1970ల నుంచి సాగిన పరీక్షల వల్ల తలసేమియాతో పుట్టే పిల్లల సంఖ్య దాదాపు సున్నాకు చేరింది. ఇరాన్ 1997లో, సౌదీ అరేబియా 2004లో పెళ్ళికి ముందు ఈ పరీక్షలను తప్పనిసరి చేశాయి. 

దాతలకు మా విన్నపాలు మూడు.

మొదటిది, మీరు పేద ఆడపిల్లల నికాహ్‌లకు ఇచ్చే సాయంలో వధూవరులిద్దరి రక్త పరీక్ష ఖర్చు కూడా కలపండి. వలీమాలో ఒక కూర తగ్గించినా ఆ డబ్బు సరిపోతుంది. పరీక్ష సంబంధం ఖాయం కాకముందే జరగాలి. కార్డులు పంచాక తెలిస్తే అది రెండు కుటుంబాలకూ నరకం. పెళ్ళయిపోయిన దంపతులిద్దరూ వాహకులని తేలినా దారి మూసుకుపోలేదు. గర్భం దాల్చిన 11, 12 వారాలకు బిడ్డ పరిస్థితి తెలుసుకునే పరీక్ష ఉంది. ఆ తర్వాతి నిర్ణయం వైద్యులతో, ఆలింలతో మాట్లాడి ఆ దంపతులు తీసుకోవలసింది.

రెండోది, వాహకులన్న కారణంతో ఏ పిల్లనూ, ఏ పిల్లవాడినీ వద్దనకండి. వాహకులు రోగులు కారు. వాహకురాలికి వాహకుడు కాని వరుడు దొరికితే వారి పిల్లలకు ఈ జబ్బు రాదు. ఈ విషయం పూర్తిగా తెలియకుండా పరీక్షలు మొదలుపెడితే నష్టపోయేది ముందుగా ఆడపిల్లలే. అందుకే పరీక్ష ఫలితం ఆ ఇద్దరికీ, వారి తల్లిదండ్రులకూ దాటి బయటకు పోకూడదు. ఈ పని వెనుక ఎవరినీ ఏరివేయాలన్న ఆలోచన లేదు. ఒక బిడ్డ బాధను తప్పించాలన్నదే ఉద్దేశం.

మూడోది, ఇప్పటికే పుట్టిన పిల్లలకు రక్తం ఆగకుండా చూడండి. శిబిరాల్లో పండుగ రోజుల్లో వచ్చినంత మంది రంజాన్ నెలలో, ఎండాకాలంలో రారు. ఆ పిల్లల అవసరానికి మాత్రం సెలవులు లేవు. ఇఫ్తార్ తర్వాత రక్తం ఇవ్వగలవారు ముందుగా మాకు చెబితే, రక్తనిధితో మాట్లాడి సమయం ఏర్పాటు చేస్తాం.

చివరగా, మమ్మల్ని ప్రశ్న అడిగిన ఆ తల్లికి మా జవాబు. అమ్మా, ఇది నీ పాపం కాదు, నీ భర్త పాపమూ కాదు. ఎన్నో తరాల కిందట మీ ఇద్దరి పెద్దల్లో ఎవరో మలేరియా జ్వరం నుంచి బతికి బయటపడడానికి ఈ జన్యువు తోడ్పడి ఉంటుంది. ఆ రోజు వారు బతికారు కాబట్టే ఈ రోజు మీరున్నారు. వారిని కాపాడిన దాని బరువు నీ బిడ్డ మీద పడింది. ఆ బరువును నువ్వొక్కదానివే మోయాల్సిన పని లేదు. మా దాతలు చేయి చాపేది అందుకే.

అల్లాహ్ మన ఈ చిన్న ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్.